ఎండ లేని వారంలో ఆరబెట్టిన పుస్తకం

మా అపార్ట్‌మెంటు మిద్దె మీద నెలకొక ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి చేరతాం. గుండ్లపోచంపల్లిలో హైవేకి కాస్త లోపలగా ఉంటుంది మా అపార్ట్‌మెంటు. మిద్దె ఎక్కితే ఒకవైపు గోదాముల నీలం రేకులు, ఇంకోవైపు ఇంకా అమ్ముడుపోని ప్లాట్ల హద్దురాళ్లు, వాటి మధ్య మేస్తున్న నాలుగైదు బర్రెలు కనిపిస్తాయి. ఎవరో ఒకరు చాపలు పరుస్తారు, ఇంకొకరు ఫ్లాస్కులో చాయ్ తెస్తారు, ఒకరి తర్వాత ఒకరం ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నామో, అందులో ఏం బాగుందో చెప్పుకుంటాం. మొన్నామధ్య మా కింది అంతస్తులో ఉండే దివ్య కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత నవల ఒకటి తెచ్చి, దాని గురించి చెప్పడం అయ్యాక అందరి చేతికీ ఇచ్చింది. అందుకున్న ప్రతివాళ్లూ దాన్ని నడిమికి తెరిచి, ఎర్రబారిన కాగితాల్లో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "అబ్బ, పాత పుస్తకం వాసనే వేరండీ" అన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి నేను తెరవకుండానే పక్కామెకి అందించేశాను. ఎవరూ గమనించలేదు. పాత పుస్తకం వాసన అనగానే నాకు ముప్పై ఏళ్లు దాటిన ఈ వయసులో కూడా ఎనిమిదో తరగతి గది, మూసిన కిటికీల బయట వాన, ముక్కు మీదికి వెళ్లిన ఒక పమిటకొంగు గుర్తొస్తాయని వాళ్లకెలా తెలుస్తుంది?

మాది శామీర్‌పేట. నాయిన చెరువులో వల వేసేవాడు. వరసగా వానలు లేక చెరువు నెర్రెలిచ్చిన ఏళ్లలో, కూలికి పోయే పొలాలు కూడా ఒకటొకటిగా వెంచర్లయిపోతుంటే, అమ్మా నాయినా నన్నూ అవ్వనూ తీసుకుని జవహర్‌నగర్ వచ్చి, గుట్ట వారన రేకుల గది వేసుకున్నారు. నాయిన లారీల మీద ఇటుకలు ఎత్తే పనికి కుదిరాడు. అమ్మ చెత్త డంపు మీద కాగితాలు ఏరే పనికి పోయేది. పట్నం పారేసిందంతా మా దగ్గరికే వచ్చేది. పొద్దున్నే అమ్మ తలకు గుడ్డ చుట్టుకుని, చీర మీద నాయిన పాత చొక్కా తొడుక్కుని, ఇనప కొక్కెం పట్టుకుని వెళ్లి, మధ్యాహ్నం తన కంటే పెద్ద బస్తా మోసుకుని వచ్చేది. మా వాకిట్లో దాన్ని గుమ్మరించి అమ్మా అవ్వా కూర్చుని అట్టలు వేరు, తెల్ల కాగితం వేరు, ప్లాస్టిక్ వేరు చేస్తుంటే, నేను పక్కన కచ్చకాయలు ఆడుకుంటూ ఉండేదాన్ని. నా కచ్చకాయలు కూడా ఆ బస్తాల్లోంచి వచ్చినవే, ఎవరో పట్నం పిల్లలు ఆడి విసిరేసిన రంగుల గోళీలు.

మాకు పండగలు రెండుసార్లు వచ్చేవి. ఒకసారి క్యాలెండరులో వచ్చేవి, ఇంకోసారి డంపులో. వినాయకచవితి వెళ్లిన వారానికి బంతిపూల దండలూ కొబ్బరిపీచూ గుట్టలుగా వచ్చేవి. పీచు ఆరబెడితే ఎన్నో రోజుల పొయ్యికి సరిపోయేది. ఎండాకాలంలో మామిడి టెంకలూ పనస తొక్కలూ వచ్చి, ఈగలు నల్లటి దుప్పటిలా లేచేవి. జనవరిలో చిరిగిన పతంగులు. బతుకమ్మప్పుడు అమ్మ ఎన్ని పనులున్నా జొన్న రొట్టె నలిపి బెల్లంతో మలీద ముద్దలు కట్టేది, నువ్వుల పొడి చేసేది. గునుగు పూలు మాత్రం మేం గుట్ట అవతలికి పోయి కోసుకొచ్చేవాళ్లం, డంపు వైపువి దేవుడికి పనికిరావని అవ్వ ఒప్పుకునేది కాదు. అన్నిటికన్నా పెద్ద పండగ నాకు దీపావళి ముందు వచ్చేది. పట్నం వాళ్లు ఇళ్లు సర్దుకుని అటకలు దులిపే రోజులవి. అప్పుడు పుస్తకాలొచ్చేవి. నానినవి, కాలినవి, కూర రసం కారినవి, ఎలుకలు కొరికినవి; బొమ్మల పుస్తకాలు, వారపత్రికలు, నవలలు, వంటల పుస్తకాలు. అమ్మకు చదువు రాదు, కానీ బొమ్మ చూసి ఇది కథ పుస్తకమో కాదో గుర్తుపట్టేది. దొరికిందంటే బస్తాలో కలపకుండా చంకలో పెట్టుకుని వచ్చి, "స్వరూపా, గిది జూడు, మంచిదేనా?" అని అడిగేది.

నేను వాటిని బండల మీద ఆరబెట్టి, అంటుకుపోయిన పేజీలను కొబ్బరీనెతో విడదీసి, బూడిద రాసి దులిపి, కర్పూరం బిళ్ల వేసిన రేకు పెట్టెలో దాచుకునేదాన్ని. పొద్దు గూకాక బల్బు కింద కూర్చుని పైకి చదివేదాన్ని. నాయిన చెరువు వదిలి వచ్చినా వల అల్లడం మానలేదు. పనినుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే బొటనవేలికి దారం తగిలించుకుని, ఎవరి కోసమో తెలియని వలకు ముడులు వేస్తూ వినేవాడు. అవ్వ తమలపాకు దంచుతూ వినేది, మంచి చోటు వస్తే దంచడం ఆపేసేది. అమ్మ వింటూ వింటూ గోడకు ఒరిగి నిద్రపోయేది, మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ, "రాత్రి నేను పన్నంక ఏమైంది?" అని నన్ను వాకిట్లోనే నిలబెట్టి అడిగేది.

ఆ పుస్తకాలన్నిటిలోకీ మా ఇంటిల్లిపాదికీ ప్రాణమైపోయినది ఒకటుంది. దానికి అట్ట లేదు, పేరు లేదు, మొదటి పేజీలు లేవు, చివరి పేజీలూ లేవు. ఒక సర్కస్ కంపెనీలో వంట చేసే ముసలామె కథ అది. దూరదేశంలో సర్కస్ దివాలా తీస్తుంది. మనుషులు రాత్రికి రాత్రి వెళ్లిపోతారు, జంతువులను ఎవరెవరో కొనుక్కుంటారు, ఒక ముసలి ఏనుగును మాత్రం ఎవరూ కొనరు. ఆవిడ ఆ ఏనుగును వెంటబెట్టుకుని ఊరూరూ నడుచుకుంటూ సొంతూరికి బయల్దేరుతుంది. ఒక ఊళ్లో పెళ్లి ఊరేగింపుకి నిలబెట్టి, ఇంకో ఊళ్లో దుంగలు లాగించి, దానికి తిండి సంపాదిస్తుంది. దొరకని రోజున తన చీరలు కూడా అమ్ముతుంది. ఆఖరికి తన ఊరు అవతలి గట్టున కనిపిస్తుండగా ఏరు పొంగి వస్తుంది. అక్కడికి పేజీలు అయిపోయాయి. నేను ఎన్నిసార్లు చదివినా అవ్వ మాత్రం, "గా ఏనుగుకు ఇయ్యాల బువ్వ దొరికిందా?" అనే అడిగేది, నిన్నటి ఆకలి ఇవాళ్టికి కొత్తగా మొదలైనట్టు.

మా బడిలో తెలుగు చెప్పే భారతి టీచర్ సికింద్రాబాద్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. బడికి లైబ్రరీ లేదు. ఆవిడ శనివారం ఆఖరి పీరియడు పాఠం చెప్పకుండా, ఒక్కొక్కరినీ లేపి, "ఇప్పుడేం చదువుతున్నావు?" అని అడగడం మొదలుపెట్టారు. ఏం చదువుతున్నామో, ఏం నచ్చిందో చెప్పాలి. వింటున్న వాళ్లలో ఎవరికి కావాలంటే వాళ్లు చెయ్యెత్తాలి. చెప్పినవాళ్లు ఆ పుస్తకం వాళ్లకు వారం రోజులు ఇవ్వాలి. అంతే నియమం. మొదట్లో చాలామందికి చెప్పడానికేమీ ఉండేది కాదు. కిరాణా దుకాణం వాళ్ల కల్పన ఒక్కతే ప్రతి శనివారం ఏదో ఒకటి తెచ్చేది. వాళ్ల మేనమామ పుస్తకాల ఎగ్జిబిషన్ నుంచి తెచ్చిపెట్టేవాడు. వాటి అట్టలు తళతళా మెరిసేవి, తెరిస్తే పేజీలు చిన్న చప్పుడు చేసేవి. ఆమె పుస్తకం కోసం సగం తరగతి చెయ్యెత్తేది. నేను ఎత్తేదాన్ని కాదు. నా వంతు వస్తే లేచి, "నేనేం చదువుత లేను టీచర్" అనేదాన్ని. ఇంట్లో రేకు పెట్టె నిండా ఉన్నాయి. కానీ అవి ఎక్కడివి అంటే ఏం చెప్పను? తరగతిలో డంపు మీద పని చేసేవాళ్ల పిల్లలం ఇంకో నలుగురం ఉన్నాం. ఆ మాట మాలో మేం కూడా ఎప్పుడూ అనుకునేవాళ్లం కాదు.

నేను ఎనిమిదిలో ఉన్న ఏడు వానాకాలం ముసురు పట్టింది. ఒక శనివారం మధ్యాహ్నానికే చీకటి పడినట్టయి, కల్పన కూడా ఏమీ తేలేదు. టీచర్ ఒక్కొక్కరినే అడుగుతూ వస్తున్నారు, ఒక్కొక్కరే లేచి తల అడ్డంగా ఊపి కూర్చుంటున్నారు. ఆవిడ ముఖం చిన్నబోవడం చూశాను. అంత దూరం నుంచి తడుస్తూ వచ్చి, మేమేం చదువుతున్నామో అని అంత ఆశగా అడుగుతారు. నా వంతు వచ్చింది. లేచాను. ఎప్పటి మాటే అనబోయి, ఏమైందో నాకే తెలియదు, "ఒక ముసలామె, ఒక ఏనుగు, టీచర్" అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. ఇంట్లో ఎలా చదివేదాన్నో అలాగే చెప్పుకుంటూ పోయాను, పెళ్లి ఊరేగింపులో ఏనుగు అలిగి కూర్చున్న చోటు, చీరలు అమ్మిన చోటు. గంట కొట్టారు, ఎవరూ సంచీ సర్దుకోలేదు. టీచర్ బల్ల మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. ఏరు పొంగే చోట ఆపాను.

"తర్వాత?" అన్నారు అందరూ.

చేతులు లేచాయి. నా పుస్తకానికి చేతులు లేవడం అదే మొదలు. ముందు లేచిన చెయ్యి కల్పనది. "నాకియ్యవానే?" అంది. నాకు ఒళ్లంతా తేలిపోయినట్టయింది. "వచ్చే శనివారం తెస్త" అన్నాను. ఆ పుస్తకం ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చింది ఇంటి దారి సగం నడిచాక.

ఆ వారం ఒక్కపూట కూడా ఎండ రాలేదు. వాసన పోవాలని పుస్తకాన్ని పొయ్యి పక్కన పెట్టాను, గోనెసంచుల మధ్య పెట్టి పైన బండ ఎత్తాను, వేపాకు దూర్చాను, పేజీ పేజీకీ ముఖం పౌడరు చల్లాను. "గంత పౌడర్ గొడితే పుస్తకం తుమ్ముతది బిడ్డా" అని నాయిన నవ్వాడు. గురువారం ఊదు వేయడానికి ఇల్లిల్లూ తిరిగే ఫకీరు తాత వస్తే, ఆయన ముందు పుస్తకం తెరిచి పట్టుకున్నాను. ఆయన ఏమిటని అడగకుండా నెమలీకల కట్టతో పొగను ఒక్కో పేజీ మీదికీ మెల్లగా విసిరాడు. అన్నీ చేశాక దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. పోయిందో, ఇంకా ఉందో తెలియలేదు. అమ్మకిచ్చాను.

"వాసనొస్తుందా అమ్మా?"

అమ్మ మొహం పేజీల్లో పెట్టి గట్టిగా పీల్చింది. "నాకేం వస్తలేదు" అంది. అవ్వకూ రాలేదు, నాయినకూ రాలేదు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ముక్కులతో ఆ పని అయ్యేది కాదని అప్పుడు అర్థమైంది. శుక్రవారం మేడ్చల్ నుంచి గాజులమ్మే ఆమె గంప ఎత్తుకుని వస్తే, అమ్మ ఆమెను ఆపి, గాజులేవీ బేరం చేయకుండా పుస్తకం చేతికిచ్చింది. "అక్కా, జర వాసన జూడు. ఏమన్న వస్తాందా?" గాజులామె అమ్మను చూసింది, గడపలో నిలబడిన నన్ను చూసింది, పుస్తకం వాసన చూసింది. "పౌడరు వాసన మస్తు వస్తాంది బిడ్డా" అంది. అమ్మ మొహం వెలిగిపోయింది. ఆమె ఎందుకలా అన్నదో ఊహించడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

శనివారం వానకు తరగతి కిటికీలన్నీ మూసేశారు. పుస్తకం పేపరులో చుట్టి కల్పనకు ఇచ్చాను. ఆమె రెండు చేతులా అందుకుని, పేపరు విప్పి తెరిచింది. పౌడరు ఎగిసి ఆమె తుమ్మింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత నవ్వు మారింది. ముందు బెంచీల్లో ఒకరిద్దరు ముక్కులు ముడిచారు. వెనకనుంచి ఎవరో, "డంపు వాసన రా!" అన్నారు. బెంచీలు కిర్రుమన్నాయి, పిల్లలు జరిగారు. నేను టీచర్ వైపు చూశాను. ఆవిడ కొంగు ముక్కు మీద ఉంది. నేను చూడడం చూసి ఒక్క క్షణంలో దించేశారు, దించి, ఏమీ కానట్టు పుస్తకం వైపు అడుగు వేశారు. కానీ నేను చూశాను.

నాకు ఆ వాసన అప్పటికీ రాలేదు. అంతమందికి తెలుస్తున్నది నా ఒక్కదానికే తెలియడం లేదు. అంటే ఇన్నాళ్లూ నా గౌను, నా జడ, నేను పక్కన పెట్టుకునే సంచీ, బతుకమ్మకు నేను పంచిన మలీద ముద్ద, వాటన్నిటి నుంచీ వాళ్లకు వస్తూనే ఉండి ఉంటుంది. ఎవరూ చెప్పలేదంతే. ఆ సాయంత్రం ఇంటికి పోయి, వానలో నిలబడి, సబ్బు అయిపోయేదాకా ఒళ్లు తోముకున్నాను. అమ్మ ఏమైందని అడిగింది. ఏమీ కాలేదన్నాను.

కల్పన ఆ రోజు పుస్తకాన్ని తిరిగి ఇవ్వలేదు, సంచిలో పెట్టుకుంది. సోమవారం వాళ్ల అమ్మ వచ్చింది. పుస్తకం పాలిథిన్ కవర్లో ఉంది, కవరు ఆమె చేతికి ఎంత దూరంగా ఉండగలదో అంత దూరంగా ఉంది. మా తరగతి గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టింది. "పిల్లల్ని సదువుకొమ్మని పంపినమా, రోగాలు అంటించుకొమ్మని పంపినమా? సంచిలున్న పుస్తకాలన్నీ గదే వాసన. రేపు నా బిడ్డకు ఏమన్నయితే ఎవలు జిమ్మేదారు?" హెడ్మాస్టరు వచ్చారు. పుస్తకం ఎవరిదని అడిగి, మా అమ్మను పిలుచుకు రమ్మని అటెండరును పంపారు.

అమ్మ పని మీదనుంచి అలాగే వచ్చింది. నాయిన చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. ఆ వానాకాలమంతా అమ్మ డంపులో దొరికిన బూట్లు వేసుకునేది, ఒకటి నల్లది, ఒకటి ఆకుపచ్చది. నేను కూర్చున్న చోటునుంచి నాకు ఆ రెండు బూట్లే కనబడుతున్నాయి. భారతి టీచర్, "లోపలికి రామ్మా" అన్నారు.

"వద్దు టీచరమ్మా, కాళ్లు మంచిగ లెవ్వు. ఈడ్నే ఉంట" అంది అమ్మ. వానచూరు కింద, తరగతికి బయటే నిలబడింది. కల్పన వాళ్ల అమ్మ మొదటినుంచీ మళ్లీ చెప్పింది. ఇద్దరూ ఒకరికొకరు తెలియనివాళ్లు కారు, రోజూ అమ్మ ఉప్పూ పప్పూ కొనేది ఆ దుకాణంలోనే. అమ్మ అంతా విన్నది. అయ్యాక, "తప్పయింది అక్కా" అంది. "వారం మొత్తం ఎండ లేకపాయె. మంచిగ ఆరలే" అంది.

తరగతిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ కవరు అందుకుని, తల ఊపి, వానలోకి దిగి వెళ్లిపోయింది. టీచర్ ఏమైనా అంటారని చూశాను. ఆవిడ సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డారు. ఆ శనివారంనుంచి ఆఖరి పీరియడులో లెక్కలు చెప్పాలని హెడ్మాస్టరు ఉత్తర్వు. ఏం చదువుతున్నావని మమ్మల్ని ఇక ఎవరూ అడగలేదు.

ఇంట్లో ఆ సాయంత్రం నేను పెట్టె తెరవలేదు. నాయిన దారం తగిలించుకుని కాసేపు చూసి, మళ్లీ చుట్టేశాడు. "ఇయ్యాల కథ లేదా?" అంది అవ్వ. ఆ దీపావళికి ముందు డంపులోకి ఎప్పటిలాగే పుస్తకాలు వచ్చి ఉంటాయి. అమ్మ ఒక్కటీ తేలేదు. "దొరకలేదా?" అని ఒకసారి అడిగాను. "వద్దు బిడ్డా ఇగ" అని బస్తా గుమ్మరించింది. నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

కల్పన నాతో మాట్లాడదనుకున్నాను. వాన వెలిసిన తర్వాత ఒకరోజు తిండి గంటలో బడి వెనక బండ మీద ఒక్కదాన్నే కూర్చుని ఉంటే, పైకి ఎక్కి వచ్చి పక్కన కూర్చుంది. ఏనుగంత బండ అది, మధ్యాహ్నానికి వెచ్చగా ఉండేది.

"నేను సదివిన" అంది. "ఐతారం దుకాణం ఎనక బియ్యం బస్తాల మీద కూసోని మొత్తం సదివిన. మా అమ్మ తెల్లారి చూసింది."

నేను గోరుతో బండ మీద గీతలు గీస్తున్నాను.

"ఏరు దాటిండ్రా, లేదా?"

"నాకు తెల్వదు. పేజీలు లెవ్వు."

"గట్లెట్ల? ఏదో ఒకటి అయ్యుంటది గద" అని కల్పనకు నిజంగానే కోపం వచ్చింది. ఏరు దాటించడానికి ఆ రోజు మేం నాలుగు రకాలుగా ప్రయత్నించాం. గంట కొట్టినా లేవలేదు.

ఆ తర్వాత ఆమె తన పుస్తకాలు బండ దగ్గరికి తేవడం మొదలుపెట్టింది. "ఇంటికి తీస్కపో" అనేది. నేను ఒప్పుకునేదాన్ని కాదు. మా గదిలో ఒక్క రాత్రి ఉంటే చాలు ఆ మెరిసే అట్టకు మా వాసన పట్టేస్తుంది, తిరిగి ఇచ్చేటప్పుడు పట్టిందో లేదో కూడా నాకు తెలియదు. కారణం ఆమెకు చెప్పలేదు. "ఈడ్నే సదువుత" అనేదాన్ని. అలా పదో తరగతి అయ్యేదాకా కల్పన పుస్తకాలన్నీ తిండి గంటలో, బండ మీద, చేతులు లంగాకు రెండుసార్లు తుడుచుకుని చదివాను. ఆమె నా చేతిలో పేజీ తిరిగేదాకా ఆగి, తాను ఇదివరకే చదివిన చోటు మళ్లీ నాతోపాటు చదివేది, నవ్వు వచ్చే చోట నా కంటే ముందే నవ్వేది. ఇంట్లో మాత్రం నేను పైకి చదవడం మళ్లీ మొదలుపెట్టలేదు.

పది పాసయ్యాక నాకు హాస్టల్లో సీటు వచ్చింది. అదే ఏడు కల్పన వాళ్లు దుకాణం ఎత్తేసి వెళ్లిపోయారు. ఎక్కడికో సరిగా తెలియదు, మాకప్పుడు ఫోన్లు లేవు. నేను డిగ్రీ చదివి, మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో చేరాను. అవ్వ పోయింది, తర్వాత నాయిన పోయాడు. అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. డంపు గుట్ట మీద ఇప్పుడు మట్టి కప్పి గడ్డి పెంచారు, దూరంనుంచి చూస్తే ఆకుపచ్చటి కొండ. గాలి తిరిగిన రోజు కింద ఉన్నది కింద ఉన్నట్టే తెలుస్తుందని అక్కడివాళ్లు అంటారు. మా రేకుల గది ఉన్న చోట మూడంతస్తుల ఇళ్లు లేచాయి. బండను పేల్చి కంకర చేశారు. ఊదు వేసే ఫకీరు తాత అక్కడ ఎవరికీ గుర్తు లేడు. నాయిన అల్లిన వల, ఏ చెరువులోనూ పడకుండానే, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

ఆ పాత నవల అందరి చేతులూ మారిన ఆదివారమే మిద్దె మీద చాపలు చుట్టేటప్పుడు దివ్య, "వచ్చే నెల స్వరూప వాళ్లింట్లో కూర్చుందాం, అమ్మగారిని చూసినట్టూ ఉంటుంది" అంది. మాట అంత తేలికగా ఎలా వచ్చిందో, "ఇంట్లో పెయింటింగ్ వేయిస్తున్నానండీ" అన్నాను. నాలుగు రోజుల తర్వాత ఆఫీసునుంచి వచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ ఉంది.

"కింది పిల్ల లిఫ్టుల కలిసింది. పెయింటింగ్ అయిపోయిందా అని అడిగింది."

నేను చెప్పులు విప్పుతూ ఆగిపోయాను.

"ఇంక కొంచెం ఉన్నదని చెప్పిన" అంది అమ్మ. చిక్కుడుకాయలు గిల్లుతూనే ఉంది. "ఆ దినం నేను శామీర్‌పేట అక్క ఇంటికి పోత. రాత్రికి వస్త. నువ్వు మంచిగ పిలుసుకో నీ దోస్తులను."

నేను లోపలికి పోయి నీళ్లు తాగాను. తాగి, "ఎక్కడికీ పోవద్దు. నువ్వు ఇంట్లనే ఉండాలె" అన్నాను. గ్రూపులో పెయింటింగ్ అయిపోయిందని, అందరూ మా ఇంటికే రావాలని మెసేజ్ పెట్టాను.

తర్వాతి నెల అందరూ వచ్చారు. అమ్మ పొద్దుటినుంచీ సర్వపిండి కాల్చింది, పల్చగా, నువ్వులు చల్లి, అంచులు ఎర్రగా. పళ్లేలు పట్టుకుని పుస్తకాల సంగతులు మొదలయ్యాయి. ఒకాయన చరిత్ర పుస్తకం, ఒకామె కథల సంపుటం. మధ్యలో దివ్య అమ్మ వైపు తిరిగి, "అమ్మా, స్వరూపకి ఇంత చదివే అలవాటు ఎలా వచ్చిందమ్మా?" అంది.

అమ్మ నన్ను చూసింది. చెప్పనా అన్నట్టు చూసింది. నేను అవుననీ అనలేదు, వద్దనీ అనలేదు.

"జవహర్‌నగర్ డంపుల కాయితాలు ఏరుదును" అంది అమ్మ మామూలుగా. "పట్నపోల్లు దీపావళికి ఇల్లు సదురుకుంటే మస్తు పుస్తకాలు పారేస్తుండ్రి. గవ్వి తెస్తుంటి. ఈమె సదువుతుండె, మేము ఇంటుంటిమి."

ఎవరో "అవునా అమ్మా" అన్నారు. ఆ మాట ఎలా అన్నారో, అప్పుడు వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో నేను చెప్పలేను, ఎందుకంటే నేను చూడలేదు. నా పళ్లెంలో సర్వపిండి ముక్క మీద ఎన్ని నువ్వులు ఉన్నాయో చూస్తూ కూర్చున్నాను. ఇంత ఉద్యోగం, సొంత ఇల్లు, ఇంత చదువు, అయినా తల పైకి రాలేదు. వచ్చేసరికి దివ్య తన పుస్తకం గురించి సగం చెప్పేసింది, అందరూ ఆమెనే వింటున్నారు. అమ్మ ఒక్కతే నన్ను చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో, అడగడమూ లేదు. అందరికీ ఇచ్చినట్టే నాకూ కప్పు అందించి, మిగతావాళ్లకు వినపడకుండా చెప్పింది:

"చాయ్ సల్లగైతాంది బిడ్డా. తాగు."